నలభై రెండో మెట్టు

మొదట్లో అతని దగ్గరున్నది పదకొండు నిమిషాలు.

అవైనా ఎవరో పారేసిన పుస్తకం పుణ్యమే. ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తుంటే, పైన మోటారు గదిలో నూనె డబ్బాల వెనక అట్ట చిరిగిన పుస్తకం ఒకటి దొరికింది. సూర్యుడికంటే ముందు లేచినవాడికి తిరుగుండదని చెప్పే పుస్తకం. అతనికప్పుడు ఇరవై మూడేళ్ళు. చేతిలో లిఫ్టు మెకానిక్కు ఉద్యోగం, బుర్ర నిండా లెక్కలు, గుండెలో ఎక్కడో వెనకబడిపోతానేమోనన్న బెరుకు. ఆరు వారాలు ఆ పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. తర్వాత వచ్చిన ఆదివారం పాఠకుల సంఘానికి వెళ్ళి, లేచి నిలబడి, "ఈ పుస్తకం నాకు ఉపయోగపడింది" అని పదిమందిలో చెప్పాడు. మర్నాటి నుంచి అతని చప్పుడు అతనికంటే పదకొండు నిమిషాలు ముందు నడవడం మొదలుపెట్టింది.

సాయంత్రం అతనింకా నాలుగు వీధుల అవతల ఉండగానే, వాళ్ళ ఇంటి మెట్ల మీద అతని బూట్లు టకటకమనేవి. తాళాల గుత్తి గలగలలాడేది. గుమ్మం ముందు పనిముట్ల సంచి దించిన చప్పుడయ్యేది. వాళ్ళమ్మ లేచి పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టేది. పదకొండు నిమిషాల తర్వాత మనిషి వచ్చేవాడు, పిల్లిలా. చప్పుడు ముందే వచ్చి వెళ్ళిపోయింది కదా, ఇక మనిషి దగ్గర మిగిలేదేముంటుంది. మాట మాత్రం ఎవరికైనా నోటితోనే వచ్చేది.

అక్కడ అదేమంత వింత కాదు. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చదివే ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే. "మీవారు ఎంత ముందున్నారండీ?" అని ఒకావిడ అడిగితే, "ఎక్కడ, నాలుగు నిమిషాలే. బద్ధకం" అని ఇంకొకావిడ నిట్టూర్చేది. అయితే ఊరికే చదివి మూలన పడేస్తే నిమిషాలు రావు. నలుగురిలో నిలబడి అభిప్రాయం చెప్పాలి. అందుకే ఆ సంఘం.

సంఘం ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి, కుట్టుమిషను అక్క దుకాణం మీది గదిలో కూర్చునేది. అక్క కింద బట్టలు కుట్టేది, ఐదైతే మెడలో టేపు తీయకుండానే పైకి వచ్చి కూర్చునేది. అధ్యక్షుడు రిటైరైన బ్యాంకు మేనేజరు. గోడ మీద "ఆలస్యం అమృతం విషం" అని బోర్డు. ఆ బోర్డు పక్కనే ఒక పట్టిక, అది మన మెకానిక్కు తయారుచేసింది. ఏ పుస్తకం ఎవరికి ఎన్ని నిమిషాలిచ్చింది, సగటెంత, ఏ వరసలో చదివితే గిట్టుబాటు, అన్నీ అందులో ఉండేవి. అప్పట్నుంచి అతని అసలు పేరు పోయి లెక్కలోడు అనే పేరు మిగిలింది.

"ఆ నవ్వు ముఖం పుస్తకం ఎలా ఉందమ్మా?" అని మేనేజరుగారు ఒక ఆదివారం అక్కని అడిగాడు.

"రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి పది నిమిషాలు నవ్వమన్నాడండీ. మూడో రోజు మా ఆయన డాక్టరు దగ్గరికి వెళ్దామా అన్నాడు."

"అది పుస్తకం తప్పు కాదు, మీ ఆయన తప్పు."

"ఆయన్ని మార్చే పుస్తకం ఉంటే చెప్పండి, ఇప్పుడే కొంటా."

అందరూ నవ్వారు. వెనక వరసలో రిటైరైన బస్సు కండక్టరు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. లెక్కలోడు ఉండే భవనంలోనే, వాళ్ళ కింది అంతస్తులో కొడుకూ కోడలి దగ్గర ఉండేవాడాయన. చేతికర్ర లేకుండా అడుగు వేసేవాడు కాదు. ఆ వారం ఆయన చదివింది కాదనడం నేర్పే పుస్తకం.

"ముప్పై రెండేళ్ళు చిల్లర లేదు, చోటు లేదు, ఇక్కడ ఆగదు అంటూ బతికానయ్యా. నాకు కాదనడం నేర్పుతాడట వీడు," అన్నాడు.

"అయితే ఉపయోగపడలేదా బాబాయ్?" అన్నాడు లెక్కలోడు, పెన్ను పట్టుకుని.

"ఎందుకు పడలేదు? మొన్న మా మనవడు గుర్రం ఆట ఆడదామంటే మోకాళ్ళు నొప్పిరా, కాదు అన్నాను. వాడు ఏడ్చాడు. తర్వాత నేనూ ఏడ్చాను. మొత్తానికి పనిచేసింది. రాసుకో."

లెక్కలోడు ఆరు నిమిషాలు రాసుకున్నాడు.

ఆ రోజే కుట్టుమిషను అక్క ఒక పని చేసింది. వంతు అయిపోయి కూర్చున్నదల్లా మళ్ళీ లేచింది. "నేను చెప్పిందంతా ఉత్తదండీ. ఈ తొమ్మిది నిమిషాలు నాకు కోపం తగ్గించే పుస్తకం వల్ల వచ్చాయని అప్పుడెప్పుడో చెప్పాను. నా కోపం తగ్గలేదు. మొన్న కత్తెర విసిరేశాను. ఆ పుస్తకం నాకు అక్కరకు రాలేదు," అంది. ఆ క్షణం నుంచి ఆమె చప్పుడు ఆమె దగ్గరికి వచ్చేసింది. మెట్లు దిగుతుంటే చెప్పులు ఆమె కాళ్ళ కిందే చప్పుడు చేశాయి. అందరూ చావింటికి వచ్చినవాళ్ళలా ముఖాలు పెట్టుకుని చూశారు. పట్టికలో ఆమె గడిలో లెక్కలోడు సున్నా చుట్టాడు.

లెక్కలోడికి మాత్రం నిమిషాలు పెరుగుతూనే ఉన్నాయి. పదకొండుకి ఆరు కలిసింది, తర్వాత తొమ్మిది, తర్వాత పన్నెండు, తర్వాత పద్నాలుగు. మొత్తం యాభై రెండు. అతను వెళ్ళబోయే భవనాల్లో ముందే లిఫ్టు గొయ్యిలోంచి స్పానర్ల చప్పుడు వినిపించేది. తిడదామని ఫోను చేతిలోకి తీసుకున్నవాళ్ళు, సరే వచ్చినట్టున్నాడులే అని ఫోను దించేసేవారు. కంపెనీ యజమాని భుజం తట్టి, "గంట దాటించు. ఉత్తరం వైపు భవనాలన్నీ నీ చేతిలో పెడతాను," అన్నాడు. ఇంకా ఎనిమిది నిమిషాలు.

ఎవరికీ చెప్పని సంగతొకటుంది. మొదటి పుస్తకం పూర్తిగా చదివాడు. రెండోది సగం చదివాడు. మూడోది ముందుమాట చదివాడు. నాలుగూ ఐదూ అట్ట వెనక రాసింది చదివి, ఆదివారం లేచి నిలబడి నిండుగా అభిప్రాయం చెప్పాడు. రెండోదాని నుంచి చదివింది తగ్గేకొద్దీ వచ్చే నిమిషాలు పెరిగాయి. అది లెక్కల ప్రకారం తప్పని అతనికి తెలుసు. లాభం వచ్చే తప్పు కనక సరిచేయలేదు.

ఇంట్లో మాత్రం ఒక ఇబ్బంది మొదలైంది. యాభై రెండు నిమిషాలు చిన్న దూరం కాదు. అమ్మ టీ పెట్టేది, చల్లారేది. ఒకరోజు అతను గుమ్మంలో నిలబడేసరికి అమ్మ కెవ్వున అరిచింది.

"నేనే అమ్మా."

"పిలవొచ్చు కదరా సచ్చినోడా. దెయ్యంలా వచ్చి నిలబడితే గుండె ఆగదూ?"

"ఇందాక నా చప్పుడు రాలేదా?"

"వచ్చింది. దానితోనే మాట్లాడేశాను. మామయ్య ఫోను చేశాడనీ, మోకాళ్ళు లాగుతున్నాయనీ అన్నీ చెప్పేశాను." మళ్ళీ చెప్పమంటే అమ్మకి ఓపిక లేకపోయింది. కూర గిన్నె మీద మూత పెట్టి వెళ్ళి పడుకుంది.

కండక్టరు సంగతి వేరు. ఆయన అట్ట వెనక చదివే రకం కాదు. లెక్కలోడి పట్టికని కాగితం మీద ఎక్కించుకుని, అదే వరసలో, ఒక్కో పుస్తకం రెండేసి సార్లు చదివి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఐదు నెలల్లో ఆయన చప్పుడు ఆరు గంటల పది నిమిషాలు ముందుకెళ్ళిపోయింది. సంఘంలో అంతవరకు అంత ముందున్నవాళ్ళు లేరు. మేనేజరుగారు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

ఆ రాత్రి ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తుంటే లెక్కలోడు అడిగాడు. "ఈ వయసులో మీకెందుకు బాబాయ్ ఇంత తొందర?"

"తొందర నాకు కాదోయ్. మా కోడలు మంచి పిల్లే. నేను గదిలోకి వచ్చేసరికి పాపం ముఖం ముడుచుకుని ఉంటుంది. నన్ను చూశాక సర్దుకుంటుంది. కొంచెం ముందు తెలిస్తే, నెమ్మదిగా సర్దుకుంటుంది కదా."

"కొంచెం అంటే ఆరు గంటలా?"

"ఏమో, ఎంత టైము పడుతుందో," అని నవ్వాడు కండక్టరు. పక్కన చేతికర్ర నేలని తాకుతున్నా చప్పుడు లేదు. అది మధ్యాహ్నమే ఆ దారిన వెళ్ళిపోయింది.

ఆదివారాలు లెక్కలోడు పదిన్నరకే సంఘం గదికి వచ్చి కుర్చీలు సర్దేవాడు. పది గంటల యాభై నిమిషాలకి మెట్ల మీద టక్, టక్ అని చేతికర్ర చప్పుడు వచ్చేది. వెనక వరసలో కుర్చీ కిర్రుమనేది. కండక్టరు సాయంత్రం ఐదింటికి వస్తాడన్నమాట. లెక్కలోడు ఖాళీ కుర్చీ వైపు చూసి నవ్వి, పట్టికలో టిక్కు పెట్టేవాడు.

ఒక ఆదివారం పదీ యాభై అయింది. చేతికర్ర రాలేదు.

లెక్కలోడు చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పదీ యాభై ఐదు. కింద అక్క మిషను టకటకలాడుతోంది. పదకొండు. ఇవాళ ఎక్కడికైనా వెళ్ళాడేమో అనుకున్నాడు. ఆదివారం సంఘం మానేసి ఆయన ఎక్కడికీ వెళ్ళడని అతనికి తెలుసు. జేబులో ఫోనుంది, ఫోనులో ఆయన నంబరుంది. తీసి చూశాడు. ఏమని చెప్పాలి? బాబాయ్, మీ చప్పుడు రాలేదు, మీరు బతికుంటారా అని అడగాలా? ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అది వచ్చిందని ఒప్పుకోడానికి అతనికి తర్వాత చాలా రోజులు పట్టింది. పట్టిక అనుసరించిన మనిషికి ఇలా జరిగిందని తెలిస్తే, ఇక ఆ పట్టికని ఎవరు చూస్తారు? తన ఎనిమిది నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఫోను జేబులో పెట్టేశాడు. పట్టికలో ఆ వారం గడిలో చిన్న గీత గీశాడు. గది తాళం వేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఐదింటికి వెనక వరస కుర్చీ ఖాళీ. నాలుగూ నలభైకి ఆయన మంచం అంచున కూర్చుని, ఒక బూటు తొడుక్కుని, రెండోదాని తాడు కడుతూ పక్కకి ఒరిగిపోయాడట. పొద్దుట్నుంచీ ఎడమ చెయ్యి లాగుతోందట, ఎవరికీ చెప్పలేదట. మధ్యాహ్నం ఒంటిగంటకి తీసుకొచ్చినా బతికించేవాణ్ణని డాక్టరు అన్నాడట.

తర్వాతి ఆదివారం సంతాప సభ. ఆరోగ్యం పుస్తకం ముందు చదివుండాల్సిందని మేనేజరుగారు అభిప్రాయపడ్డాడు. ఇంకొకాయన అది కాదు, దిగులు పోగొట్టే పుస్తకం అన్నాడు. అరగంట ఆ పుస్తకాల మీదే వాదన జరిగింది. మెట్లు దిగుతుంటే కుట్టుమిషను అక్క లెక్కలోణ్ణి ఆపి అడిగింది.

"పోయిన ఆదివారం పొద్దున పైన కుర్చీలు జరిపింది నువ్వేనా?"

"చప్పుడు మాత్రమేనక్కా. నేను సాయంత్రం వచ్చాను," అన్నాడు.

అక్క టేపు వేలికి చుట్టుకుంటూ అతన్ని చూసింది.

ఆ తర్వాత అతను రోజూ ఆ కండక్టరు తలుపు దాటి పైకి వెళ్ళాలి. భవనానికి మూడు వరసల మెట్లు, వరసకి పద్దెనిమిది, మొత్తం యాభై నాలుగు. లిఫ్టులు బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదని వీధిలో ఎప్పుడూ ఒక జోకు. ముప్పై ఆరు మెట్లెక్కితే కండక్టరు తలుపు. అక్కడ తల దించుకుని, రెండేసి మెట్లు ఎక్కేసేవాడు. అతని చప్పుడు ఎలాగూ యాభై రెండు నిమిషాల ముందే దాటిపోయి ఉండేది.

పుస్తకాలు చదవడం మానలేదు. భయం పోగొట్టే పుస్తకాలు రెండు కొన్నాడు. ఒకటి పూర్తిగా చదివాడు కూడా. కానీ పొద్దున్నే నాలుగున్నరకి లేచేసరికి భయం నాలుగింటికే లేచి కూర్చుని ఉండేది. స్నానాల గదిలో అతనికంటే ముందు అదే ఉండేది. నీళ్ళు పోసుకున్నా చప్పుడుండదు. పళ్ళు తోముకున్నా చప్పుడుండదు. గోడకి తల ఆనించి నిలబడితే, ఉన్నానా లేనా అనిపించేది.

సంతాప సభ అయిన తొమ్మిదో రోజు, మంగళవారం, ఒక పాత భవనం లిఫ్టు గొయ్యిలో కూర్చుని బోల్టులు బిగిస్తున్నాడు. చేతిలో స్పానరు ఇనుముకి తగులుతోంది, మూగగా. టైము ఐదూ నలభై ఎనిమిది. ఫోను మోగింది. అమ్మ.

"ఎక్కడున్నావురా?"

"పనిలో. ఏమైంది?"

"నీ చప్పుడు వచ్చింది," అంది అమ్మ. "మెట్లెక్కావు. నేను లెక్కపెట్టాను. నీ చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే లెక్కపెట్టేదాన్ని కదా, అలవాటు. నలభై ఒకటి దాకా వచ్చావు."

"తర్వాత?"

"తర్వాత లేదు."

లిఫ్టు గొయ్యిలో చల్లగా ఉంది. అతని చేతి నుంచి స్పానరు జారి పడింది. పడినట్టు తెలియలేదు.

"సరిగ్గా విన్నావా అమ్మా? టీవీ పెట్టుకున్నావేమో."

"టీవీ లేదు, రేడియో లేదు. నలభై ఒకటి. నాకేం చెవుడా?"

ఐదూ నలభై ఎనిమిదికి యాభై రెండు కలిపితే ఆరూ నలభై. ఆ లెక్క చెయ్యడానికి అతనికి బుర్ర కూడా అక్కర్లేదు. ఆరూ నలభైకి నలభై ఒకటో మెట్టు మీద ఉంటాడు. ఆ పైన ఏమీ లేదు. మూడో వరసలో ఐదో మెట్టు. ఆ వరసకి పక్కన పట్టుకునే కమ్మీ ఊడి ఏడాదైంది.

"అయితే ఇవాళ ఇంటికి రాను," అన్నాడు. "మేనేజరుగారింట్లో పడుకుంటా."

"ఎక్కావు కదరా, విన్నాను. రాకుండా ఎలా ఉంటావు?" ఫోనులో తలుపు గడియ తీసిన చప్పుడు. "నేను దిగొచ్చి ఆ మెట్టు మీద కూర్చుంటా. ఏదొచ్చినా ముందు నా మీదికి రావాలి."

"నువ్వు కదలకు. ఆ మోకాళ్ళతో, కమ్మీ లేని మెట్లు..."

ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఎందుకు వెళ్తాడో అతనికి అప్పుడర్థమైంది.

సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. బూట్లు రోడ్డు మీద పడుతున్నాయి, చప్పుడు లేదు. దారిలో కుట్టుమిషను అక్క దుకాణం. లోపలికి వెళ్ళి నిలబడితే అక్క తల ఎత్తలేదు, వినపడితే కదా. "అక్కా," అన్నాడు. ఆమె ఉలిక్కిపడి మిషను ఆపింది. ముఖం చూసి స్టూలు జరిపింది.

అతను నిలబడే చెప్పాడు. నలభై ఒకటి, ఆరూ నలభై, అమ్మ.

అక్క టైము చూసింది. ఆరూ పది. "నువ్వు లెక్కలోడివి కదా. నాకో లెక్క చెప్పు. ఆ ఆదివారం పైన కుర్చీల చప్పుడు నాకు తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి వినిపించింది. ఒకామె కొలతలిచ్చి వెళ్తుంటే గడియారం చూశాను. దానికి యాభై రెండు కలిపితే ఎంత?"

అతను స్టూలు మీద కూర్చున్నాడు.

"పదిన్నర. బట్ట కొలిచేదాన్ని, ఆ మాత్రం కూడిక నాకూ వచ్చు. పదిన్నరకి నువ్వు పైనున్నావు. కండక్టరుగారి కర్ర వచ్చేది పదీ యాభైకి."

"చెప్పలేకపోయానక్కా."

"నాతో కాదు చెప్పాల్సింది." అక్క సూదిలోంచి దారం లాగి తెంపింది. "ఇంకోటి విను. నేను నా తొమ్మిది నిమిషాలు వదులుకున్న రోజు కింద మా ఆయన కూర్చుని ఉన్నాడు. నా చప్పుడు మెట్లెక్కింది, కుర్చీ లాక్కుంది, కూర్చుంది, లేచింది. ఇంకేం లేదు. తిరిగి దిగలేదు. ఆయన మిషను ఆపేసి గోడకానుకుని ఏడ్చాడు, ఇది పోయిందిరా దేవుడా అని. తొమ్మిది నిమిషాలయ్యాక నేను చెప్పులు టపటపలాడిస్తూ దిగాను. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చాడు."

"అంటే..."

"అంటే ఏమిటో నాకు తెలీదు. చప్పుడు ఆగడానికి మనిషే ఆగక్కర్లేదు, అంతే తెలుసు. కండక్టరుగారికి మనిషే ఆగాడు. నీకేది ఆగుతుందో నేను చెప్పలేను. వెళ్ళు, మీ అమ్మ మెట్ల మీదుంది."

ఆరూ ముప్పై తొమ్మిదికి భవనం గుమ్మంలో ఉన్నాడు. ఒకటి. రెండు. లెక్క తప్పకుండా, ఒక్కో మెట్టే. పద్దెనిమిది. ఊపిరి ఆడడం లేదు. ముప్పై. కండక్టరు తలుపు తెరిచి ఉంది. అమ్మ మూలుగు విని కాబోలు కోడలు బయటికి వచ్చి పైకి చూస్తోంది. ముప్పై ఆరు. ఆమెని చూడకుండా దాటాడు. ముప్పై ఏడు. పైన అమ్మ కనిపించింది. దిగుతోంది, మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, గోడని అరచేత్తో పట్టుకుని. యాభై నిమిషాల్లో ఎనిమిది మెట్లు దిగింది. నలభై ఆరో మెట్టు మీద ఉంది.

నలభై. నలభై ఒకటి.

కాలు ముందుకి రాలేదు. ఎడమ పక్కన కమ్మీ లేని ఖాళీ, కింద చీకటి. ఆరూ నలభై.

"ఆగకురా," అంది అమ్మ. "రా."

అతను వెనక్కి తిరిగాడు. కింద, ఐదు మెట్ల దూరంలో, కండక్టరు కోడలు.

"వదినా," అన్నాడు. "బాబాయ్ చప్పుడు రాలేదని నాకు ఆ రోజు పదీ యాభైకే తెలుసు. నేను అక్కడే ఉన్నాను. ఫోను తీశాను. చెయ్యలేదు. చేసుంటే ఆరు గంటలుండేవి."

ఆమె తలుపు చెక్క పట్టుకుంది.

"ఆయనకి నేనిచ్చిన పట్టిక కూడా అబద్ధమే. అందులో ఒక్క పుస్తకమే నేను పూర్తిగా చదివింది. మిగతావి సగం, ముందుమాట, అట్ట. అందరిలో లేచి ఉపయోగపడ్డాయని చెప్పాను. ఒక్కటీ ఉపయోగపడలేదు. నాకు భయం. మొదట్నుంచీ భయమే. ఇప్పుడు కూడా కాలు పెట్టలేకపోతున్నాను."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆ రోజు పదిన్నరకి మా ఇంట్లో ఆయన చప్పుడు ఆగిపోయింది," అంది ఆమె, నేల చూస్తూ. "దగ్గు లేదు, కర్ర లేదు, పేజీలు తిప్పడం లేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను. ఆయన ఎదురుగానే కూర్చున్నారు. నేను హాయిగా పడుకుని నిద్రపోయాను." కొంగుతో ముఖం ఒత్తుకుంది. "నువ్వొక్కడివే కాదు."

లెక్కలోడు చేతులు జోడించబోయాడు. భుజం మీది సంచి జారి మెట్టు మీద పడింది.

స్పానర్లు ఖణేలుమన్నాయి. ఆ మోత గోడలకి తగిలి పైదాకా వెళ్ళి కిందికి వచ్చింది. అతను అదిరిపడ్డాడు. తన చప్పుడు తాను విని ఎన్ని నెలలైందో.

అమ్మ గోడ వదిలి తల ఎత్తింది. "ఇది నేను ఇందాక వినలేదురా."

ఆమె వినలేదు. నలభై ఒకటి దాకా లెక్కపెట్టిన మనిషి, ఇంత మోతని వదిలేస్తుందా? వదలదు. అతను మళ్ళీ ఒకసారి కూడాడు, తీసేశాడు. లెక్క సరిపోయింది. చప్పుడు వచ్చి చేరింది, అంతవరకే రుజువు. పై మెట్టు గురించి ఏ లెక్కా ఏమీ చెప్పడం లేదు. పదకొండు లేవు, యాభై రెండు లేవు. ముందు వెళ్ళి చూసొచ్చినవాళ్ళెవరూ లేరు.

అమ్మ ఐదు మెట్ల పైనుంచి చెయ్యి చాచింది. కింద కండక్టరు కోడలు తలుపు వెయ్యకుండా నిలబడే ఉంది.

అతను సంచిని అక్కడే వదిలేశాడు. చెవులు రిక్కించి, నలభై రెండో మెట్టు మీదికి కుడికాలు ఎత్తాడు.